గలాక్టికాలో మోర్మన్ విశ్వాసం: కోబోల్ దగ్గరే ఆగిపోకుండా

కోలోబ్ అనే పేరులో చివరి రెండు హల్లులను తారుమారు చేస్తే కోబోల్ అవుతుంది. కోలోబ్ మోర్మన్ల పవిత్ర గ్రంథాలలో దేవుని సింహాసనానికి అతి సమీపాన ఉన్న నక్షత్రం. కోబోల్ 1978లో అమెరికాలో ప్రసారమైన ‘బ్యాటిల్‌స్టార్ గలాక్టికా’ అనే అంతరిక్ష గాథలో మానవజాతికి పుట్టిల్లయిన గ్రహం. ఆ గాథకూ మోర్మన్ మతానికీ ఉన్న సంబంధం గురించి ఎవరు రాసినా ఈ పేరుతోనే మొదలుపెడతారు, పన్నెండుమంది పెద్దల సభ గురించి ఒక మాట చెబుతారు, అంతటితో ముగిస్తారు. ఆ పోలికలు నిజమైనవే గాని, వాటివల్ల మనకు తెలిసేది రచయిత ఏ సంఘంలో సభ్యుడన్న సంగతి మాత్రమే. ఆ విశ్వాసం కథలో ఏ పని చేసింది, పాత్రల చేత ఏం చేయించింది, ఏ సన్నివేశానికి బలమిచ్చింది అన్నవి అసలు అడగవలసిన ప్రశ్నలు. పౌరాణిక చిత్రాలు చూస్తూ పెరిగిన మనకు ఈ తేడా సులభంగానే అర్థమవుతుంది. తెర మీద కృష్ణుడి కిరీటంలో నెమలిపింఛం ఉండడం వేరు, ఆ కథ భక్తి తెలిసిన మనసులోంచి రావడం వేరు.

ఈ గాథను సృష్టించిన గ్లెన్ ఎ. లార్సన్ 1937లో కాలిఫోర్నియాలో పుట్టి, యౌవనంలో ఒక గాయక బృందంలో పాటలు పాడి, తరువాత టెలివిజన్ రచనలోకి వచ్చి, మన దేశంలో కూడా చాలామందికి తెలిసిన ‘నైట్ రైడర్’ వంటి ధారావాహికలను తయారుచేసి 2014లో మరణించిన మనిషి. ఆయన మోర్మన్ సంఘ సభ్యుడు. ఈ కథకు తొలి ఊహ 1960ల చివరిలోనే ‘ఆడమ్స్ ఆర్క్’ అనే పేరుతో ఆయన మనసులో ఉండేది గాని, 1977లో ‘స్టార్ వార్స్’ సాధించిన విజయం చూసిన తరువాతే నిర్మాతలు దానిమీద డబ్బు పెట్టడానికి ముందుకు వచ్చారు. 1978 సెప్టెంబరు 17న ఏబీసీ ఛానెల్‌లో మొదటి భాగం ప్రసారమైంది. ఒక్క సీజను, 24 ఎపిసోడ్లు నడిచి 1979 ఏప్రిల్‌లో ఆగిపోయింది. మొదటి భాగాన్ని కుదించి సినిమాగా థియేటర్లలో విడుదల చేశారు, మరికొన్ని ఎపిసోడ్లను కలిపి ఇంకో రెండు సినిమాలు కూడా తీశారు. అందువల్ల దీనిని సినిమాల వరుసగా ఎరిగినవారు కూడా అనేక దేశాలలో ఉన్నారు.

మోర్మన్లు అంటే ఎవరో మన ప్రాంతపు పాఠకులకు కొంచెం చెప్పడం అవసరం. గోదావరి డెల్టాలో క్రైస్తవం అనగానే రాజమహేంద్రవరం వైపు లూథరన్లు, మా నరసాపురం వైపు 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులతో మొదలైన గోదావరి డెల్టా మిషను వారి బ్రదరన్ సంఘాలు, ఆపైన బాప్టిస్టులు, పెంతెకోస్తులు, కతోలికులు గుర్తుకు వస్తారు. మోర్మన్లు ఈ శాఖలన్నిటికీ వెలుపల నిలుస్తారు. 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే యువకుడు స్థాపించిన ఆ సంఘం బైబిలుతో పాటు మోర్మన్ గ్రంథాన్నీ, మరి రెండు గ్రంథాలనూ లేఖనాలుగా స్వీకరిస్తుంది. వారి పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. ఆ పేరుతోనే పిలవాలని వారు కోరుకుంటారు గాని, ఈ వ్యాసంలో వాడుక పేరునే గౌరవంతో వాడుతున్నాను. గలాక్టికా ప్రసారమవుతున్న రోజుల్లోనే, 1978 డిసెంబరులో, హైదరాబాదులో ఒకే కుటుంబానికి చెందిన ఇరవైమందికి పైగా తెలుగువారు ఆ సంఘంలో బాప్తిస్మం పొందారు. 1982లో మోర్మన్ గ్రంథపు ఎంపిక చేసిన భాగాలు తెలుగులో అచ్చయ్యాయి. 2012లో భారతదేశంలో ఆ సంఘపు తొలి స్టేకు, అంటే అనేక స్థానిక సమాజాలను కలిపే విభాగం, హైదరాబాదులోనే ఏర్పడింది. రాజమహేంద్రవరంలో కూడా వారి సమాజం ఉంది. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్లని పేరుపట్టీతో ఇద్దరిద్దరుగా నడిచి వెళ్ళే యువకులను అక్కడ చూసినవారు ఉండే ఉంటారు.

గాథ ఎలా మొదలవుతుందో చూద్దాం. పన్నెండు గ్రహాల మీద మానవులు నివసిస్తుంటారు; సైలాన్లు అనే యంత్రజాతితో వెయ్యి సంవత్సరాలుగా యుద్ధం నడుస్తుంటుంది; సంధి పేరుతో జరిగిన మోసంలో పన్నెండు లోకాలూ ఒక్క రాత్రిలో నాశనమవుతాయి. మిగిలినవారు దొరికిన ఓడలన్నీ ఎక్కి, సరుకుల ఓడలూ, ప్రయాణికుల ఓడలూ, పాడుబడిన ఓడలూ కలిపి 220 ఓడల బిడారుగా ఏర్పడి, మిగిలిన ఒకే ఒక్క యుద్ధనౌక గలాక్టికా వెనుక బయలుదేరుతారు. ఎక్కడికి? పురాతన గ్రంథాలలో మాత్రమే ప్రస్తావన ఉన్న, పదమూడవ తెగ వెళ్ళి స్థిరపడిన భూమి అనే గ్రహానికి. ఆ గ్రహం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. దారి చూపవలసిన అధిపతి అడామాకు కూడా గ్రంథాల మీద ఉన్న నమ్మకమే ఆధారం.

ఇది చదవగానే నిర్గమకాండం గుర్తురావడం సహజం. అయితే లార్సన్‌కు అంతకన్నా దగ్గరి కథ ఒకటి ఉంది. 1844 జూన్‌లో జోసెఫ్ స్మిత్‌ను ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక మూక చెరసాలలోనే చంపింది. ఆయన అనుచరులు మిసిసిపీ ఒడ్డున కట్టుకున్న నావూ పట్టణంలో ఇక బతకలేమని గ్రహించి, బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో 1846 ఫిబ్రవరిలో గడ్డకట్టే చలిలో నది దాటారు. బండ్లు కట్టుకుని, దారిలో పిల్లలనూ వృద్ధులనూ పాతిపెట్టుకుంటూ, అప్పటికి అమెరికా సరిహద్దులకు వెలుపల ఉన్న ఉప్పు సరస్సు లోయకు 1847 జులైలో చేరారు. తరువాతి రెండు దశాబ్దాలలో సుమారు 70,000 మంది అదే దారిన వెళ్ళారని లెక్క చెబుతారు; బండ్లకు డబ్బు లేనివారు తోపుడు బండ్ల మీద సామాను వేసుకుని వందల మైళ్ళు లాక్కుంటూ నడిచారు. మోర్మన్ కుటుంబాల పిల్లలు ఏటా జులై 24న జరిగే ఉత్సవంలో ఈ కథ వింటూ పెరుగుతారు. గలాక్టికా ఓడల వరుసను ఒకసారి ఈ దృష్టితో చూడండి. యుద్ధం గురించి చెప్పే అంతరిక్ష కథలలో సైన్యాలే ఉంటాయి. ఇక్కడ మాత్రం ముసలివాళ్ళు, పసిపిల్లలు, పశువులు, విత్తనాల ఓడలు, తిండి కోసం తోపులాటలు ఉంటాయి, నాయకుడికి శత్రువును ఓడించడం కన్నా వెనుకబడిన ఓడను విడిచిపెట్టకుండా ఉండడం పెద్ద బాధ్యతగా ఉంటుంది. ఇది సేనాపతి కథ కాదని, ఊరు మొత్తాన్నీ వెంటపెట్టుకుని వెళ్ళిన పెద్దమనిషి కథ అని నాకు అనిపిస్తుంది.

మన డెల్టావాళ్ళకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఆ లోయకు చేరిన మొదటి రోజుల్లోనే మోర్మన్లు చేసిన పని, కొండ మీదనుంచి వచ్చే వాగుకు అడ్డుకట్ట వేసి, ఎండిన నేల మీదికి నీరు మళ్ళించి దున్నడం. సరిగ్గా అదే 1847లో ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని మొదలుపెట్టించాడు. కరువుతో ఖాళీ అవుతున్న నేల కాలువ నీటితో ఎలా మారిపోతుందో తరతరాలుగా చూసిన మనకు, నీటిని మళ్ళించి ఊరిని నిలబెట్టుకున్న ఒక సమాజానికి ఆ జ్ఞాపకం ఎంత పవిత్రమో చెప్పనక్కరలేదు.

పన్నెండుమంది సభ సంగతికి వస్తే, ఇక్కడ జాగ్రత్త అవసరం. మోర్మన్ సంఘంలో 1835 నుంచి పన్నెండుమంది అపొస్తలుల కోరం, అంటే పెద్దల సభ, ఉంది. గలాక్టికాలో కూడా పన్నెండు లోకాల ప్రతినిధులతో పన్నెండుమంది కోరం ఉంది. పేరు సూటిగా అక్కడినుంచే వచ్చింది. అయితే కథలో ఆ సభ పట్ల గౌరవం పెద్దగా కనిపించదు. సభలోని వారు తరచుగా భయపడతారు, విలాసాలకు లొంగుతారు, ఆయుధాలు వదిలేస్తే శత్రువు కరుణిస్తాడని వాదిస్తారు. ఒక ఎపిసోడులో అడామా అధికారాన్ని తగ్గించి, మానవులను సైలాన్లకు పట్టించిన ద్రోహి బాల్టర్ తప్పించుకుపోవడానికి కారణమవుతారు. ఒక భక్తుడైన మోర్మన్ తన అపొస్తలులను ఇలా చిత్రిస్తాడా? చిత్రించడు. ఆ సభకు లార్సన్ సంఘం నుంచి పేరును తీసుకున్నాడు, గుణాలను మాత్రం తన కాలపు రాజకీయాలనుంచి, శత్రువుతో ఒప్పందాల మీద అమెరికాలో నడుస్తున్న చర్చల నుంచి తీసుకున్నాడు. ప్రవక్త స్థానం అసలు అడామాది. సైన్యానికి అధిపతి అతడే, పురాతన లేఖనాలు చదివేది అతడే, వివాహాలు జరిపించేది అతడే. సంఘాధ్యక్షుడిగానూ యూటా ప్రాంతానికి తొలి గవర్నరుగానూ ఉన్న బ్రిగమ్ యంగ్ నీడ ఈ పాత్రలో స్పష్టంగా ఉంది. లోర్న్ గ్రీన్ ఆ పాత్రను పోషించిన తీరులో గద్దింపు తక్కువ, తండ్రితనం ఎక్కువ.

ఇక కోబోల్. అబ్రాహాము గ్రంథం అనే మోర్మన్ లేఖనం పుట్టుకకు ఈజిప్టుతో సంబంధం ఉంది. 1835లో ఒహాయో రాష్ట్రంలోని కర్ట్‌లండ్‌కు ఒక వ్యక్తి ఈజిప్టు మమ్మీలనూ, పపైరస్ చుట్టలనూ ప్రదర్శనకు తీసుకురాగా మోర్మన్లు వాటిని కొన్నారు. వాటినుంచి అనువదించానంటూ జోసెఫ్ స్మిత్ ప్రకటించిన భాగాలు 1842లో నావూలో సంఘపు పత్రికలో అచ్చయ్యాయి. కోలోబ్ అక్కడే వస్తుంది. కోలోబ్ మీద ఒక రోజు మన లెక్కలో వెయ్యి సంవత్సరాలు అని కూడా అక్కడే ఉంది. గలాక్టికాలో కోబోల్ గ్రహం మీద ఓడ దిగినప్పుడు కనిపించేవి పిరమిడ్లు. ఆ దృశ్యాలలో కొన్నిటిని నిజంగానే ఈజిప్టు వెళ్ళి చిత్రించారు. అడామా తన మెడలోని పతకాన్ని ఆధారం చేసుకుని కోబోల్ తొమ్మిదవ ప్రభువు సమాధిలోకి ప్రవేశిస్తాడు. గోడల మీది పురాతన లిపిలో భూమికి దారి రాసి ఉంటుందని ఆశిస్తాడు. చదవడం పూర్తికాకముందే సైలాన్ల దాడిలో ఆ కట్టడం కూలిపోతుంది. గతంలో రాసి దాచిన జ్ఞానం ఒక మనిషి చేతికి దొరకడం, అది మళ్ళీ చేజారిపోవడం అనేది మోర్మన్ ఊహలో చాలా లోతుగా ఉన్న విషయం. మోర్మన్ గ్రంథానికి మూలమైన బంగారు రేకులు కూడా జోసెఫ్ స్మిత్‌కు దొరికి, పని పూర్తయిన తరువాత దేవదూతకు తిరిగి అప్పగించబడ్డాయని వారి విశ్వాసం.

అనేక లోకాల సంగతి ఇంకా ముఖ్యమైనది. లెక్కలేనన్ని లోకాలను తాను సృష్టించానని దేవుడు మోషేతో చెప్పినట్లు వారి మోషే గ్రంథంలో ఉంది. అనంతకోటి బ్రహ్మాండ నాయకుడు అనే మాట గుడి మైకులో ప్రతి ఉదయం వినే మన ప్రాంతంలో, బ్రహ్మకు ఒక పగలు వేయి మహాయుగాలని పంచాంగ పీఠికల్లో చదివే మన ప్రాంతంలో ఇది ఎవరినీ ఆశ్చర్యపరచదు. నేను పుట్టిన బ్రదరన్ వాతావరణంలో మాత్రం ఇది కొత్త మాటే. భూమి ఒక్కటే, దాని మీద జరిగిన రక్షణ కథ ఒక్కటే అనే దృష్టిలో పెరిగినవారికి, ఇతర లోకాలలో ఇతర మనుషులు అదే దేవుని పిల్లలుగా ఉన్నారన్న ఊహ ఒక కిటికీ తెరిచినట్లు ఉంటుంది. మోర్మన్ రచయితలు ఇంతమంది శాస్త్రకల్పన వైపు మొగ్గడానికి ఇదొక కారణమని నేను నమ్ముతున్నాను. అంతరిక్షంలో మానవులున్నారని ఊహించడానికి వారు తమ మతాన్ని పక్కన పెట్టనక్కరలేదు.

ఇప్పుడు నాకు అత్యంత ప్రియమైన సన్నివేశం. కోబోల్ కథ రెండు భాగాలుగా నడుస్తుంది. దాని మధ్యలో అడామా కొడుకు అపోలోకూ, సెరీనా అనే యువతికీ ఓడలోనే పెళ్ళి జరుగుతుంది. సెరీనాకు బాక్సీ అనే చిన్న కొడుకు ఉన్నాడు. అడామా స్వయంగా వారి చేతులు కలుపుతాడు, ఈ కలయిక ఇప్పటికి మాత్రమే కాక సకల నిత్యత్వాలకూ నిలిచేదని ప్రకటిస్తాడు. మోర్మన్ దేవాలయాలలో దంపతులను కాలానికీ నిత్యత్వానికీ కలిపి ముద్రించే సంస్కారం నుంచి ఈ మాటలు దాదాపు యథాతథంగా వచ్చాయి. సాధారణ ప్రేక్షకుడు ఇదొక అందమైన మాట అనుకుని దాటిపోతాడు. దాటిపోకూడదు.

ఈ సన్నివేశాన్ని నరసాపురంలో మా పెద్దమ్మకు చూపించాను. ఆవిడ మా ప్రాంతపు సంఘాలలో ఎన్నో వివాహాలకు ముందు బెంచీలో కూర్చున్న మనిషి. మాటల అర్థం నేను చెబుతూ ఉంటే మొత్తం విని, “అదేంటే అమ్మాయ్, ‘మరణము మనలను ఎడబాపు వరకు’ అనలేదేం వాళ్ళు?” అని అడిగింది. “వాళ్ళ నమ్మకంలో మరణం ఎడబాపదు పెద్దమ్మా, అక్కడ కూడా భార్యాభర్తలే” అన్నాను. ఆవిడ వెంటనే మత్తయి సువార్త ఇరవై రెండవ అధ్యాయం ఎత్తింది. పునరుత్థానమందు ఎవరును పెండ్లిచేసికొనరు, పెండ్లికియ్యబడరు అని ప్రభువే చెప్పాడు కదా అంది. కాసేపటికి, “వాళ్ళు చెప్పేది వాక్యానికి సరిపడదు గాని, మీ పెదనాన్నగారు పోయాక అలాగైతే బాగుండునని నేనూ అనుకున్నానే” అంది. సిద్ధాంతపరంగా ఆవిడ ఒక్క అంగుళం కూడా జరగలేదు. అయినా లార్సన్ ఆ మాటను అక్కడ ఎందుకు పెట్టాడో నాకన్నా ముందే ఆవిడకు అర్థమైంది.

ఎందుకంటే ఆ కథ ముగిసేలోపే సెరీనా మరణిస్తుంది. కోబోల్ నుంచి బయలుదేరే సమయంలో సైలాన్ల కాల్పుల్లో గాయపడి, గలాక్టికా మీద అపోలో, బాక్సీ పక్కన ఉండగా కన్నుమూస్తుంది. నిత్యత్వాలకూ నిలుస్తుందని ప్రకటించిన బంధాన్ని రచయిత కొద్ది రోజుల్లోనే మరణం ముందు నిలబెట్టాడు. ఇందులో ఉద్దేశం లేదనుకోవడం కష్టం. మామూలు కథలో అయితే ఆ ప్రమాణం అబద్ధమైపోయినట్లు, ప్రేక్షకుడు మోసపోయినట్లు అనిపించేది. ఈ కథ వెనుక ఉన్న విశ్వాసం తెలిసినవారికి మాత్రం ఆ మరణం ప్రమాణాన్ని రద్దు చేయదు, పరీక్షిస్తుంది. అపోలో బాక్సీని తన కొడుకుగానే పెంచుతాడు. కుటుంబం రక్తంతో కన్నా కట్టుబాటుతో నిలుస్తుందని ఎవరూ ప్రసంగించకుండానే కథ చూపిస్తుంది.

1979 జనవరిలో ప్రసారమైన ‘వార్ ఆఫ్ ది గాడ్స్’ అనే రెండు భాగాల కథ ఈ మొత్తం గాథలో మతపరంగా అతి ధైర్యమైనది. ఒక నిర్జన గ్రహం మీద కూలిన ఓడ దగ్గర కౌంట్ ఇబ్లిస్ అనే తెల్లని దుస్తుల పెద్దమనిషి దొరుకుతాడు. అతడు మధురంగా మాట్లాడతాడు, అద్భుతాలు చేస్తాడు, శత్రువైన బాల్టర్‌ను పట్టి అప్పగిస్తానంటాడు, భూమికి దారి చూపుతానంటాడు. బదులుగా అతడు కోరేది తనను వెంబడించడం. ఇస్లాంలో సాతానుకు ఉన్న పేరు ఇబ్లిస్ అని మన ముస్లిం మిత్రులు పేరు వినగానే గుర్తుపడతారు. అయితే ఆ పాత్ర స్వభావం మాత్రం మోర్మన్ మోషే గ్రంథంలోది. అక్కడ సాతాను దేవుని ముందుకు వచ్చి, నన్ను పంపండి, ఒక్క ఆత్మ కూడా తప్పిపోకుండా అందరినీ రక్షిస్తాను, అందుకు నీ మహిమ నాకివ్వు అంటాడు. మనుషుల ఎంపిక స్వేచ్ఛను నాశనం చేయచూసినందుకు అతడు పడద్రోయబడతాడు. మోర్మన్ దృష్టిలో సాతాను చేసిన పాపం దేవుని మీద ద్వేషం ఒక్కటే కాదు. ఎవరినీ ఎంచుకోనివ్వకుండా అందరినీ మోక్షానికి తోలుకుపోతాననడం కూడా. ఇబ్లిస్ సరిగ్గా ఈ బేరమే పెడతాడు. అలసిపోయిన, ఆకలిగొన్న ప్రజలు అతని వెంట పడడం, పన్నెండుమంది సభ కూడా అతని వైపు మొగ్గడం చూస్తుంటే నాకు భయం కలుగుతుంది, ఎందుకంటే కష్టంలో ఉన్నవారికి ఆ బేరం ఎంత ఆకర్షణీయమో మనం ఎన్నోసార్లు చూశాం.

అతనికున్న పరిమితి ఒక్కటే. తమను తాము స్వేచ్ఛగా అప్పగించుకున్నవారి మీద మాత్రమే అతనికి అధికారం. షీబా అనే యువతిని దెబ్బతీయబోతే అపోలో అడ్డుపడి మరణిస్తాడు, అప్పగించుకోని ప్రాణాన్ని తీయడంతో ఇబ్లిస్ హద్దు దాటినవాడవుతాడు. అపోలో శవాన్ని తీసుకువెళ్తున్న షీబాను, అతని స్నేహితుడైన స్టార్‌బక్‌ను కాంతిమయమైన ఒక ఓడ పైకి లాక్కుంటుంది. అక్కడ వారి గోధుమరంగు సైనిక దుస్తులు తెల్లగా మారిపోతాయి. మోర్మన్ దేవాలయంలోకి వెళ్ళినవారు తెల్లని వస్త్రాలు ధరిస్తారన్న సంగతి తెలిస్తే ఆ తెలుపుకు మరో అర్థం కనిపిస్తుంది. అక్కడి కాంతి జీవులు అపోలోను బ్రతికించి, మీరు ఇప్పుడు ఎలా ఉన్నారో మేము ఒకప్పుడు అలా ఉండేవాళ్ళం, మేము ఇప్పుడు ఎలా ఉన్నామో మీరు కూడా ఒకనాడు అలా కావచ్చు అంటారు. 1840లో లొరెంజో స్నో అనే మోర్మన్, తరువాతి కాలంలో సంఘానికి ఐదవ అధ్యక్షుడైనవాడు, చెప్పిన రెండు పాదాల మాట ఇదే. మనిషి ఇప్పుడున్నట్లే దేవుడు ఒకప్పుడు ఉండేవాడు, దేవుడు ఇప్పుడున్నట్లే మనిషి కావచ్చు అని ఆయన అన్నాడు. లార్సన్ దేవుడి స్థానంలో కాంతి జీవులను పెట్టాడు, మిగిలినది తాకలేదు.

మా సంఘంలో ఈ మాట ఎవరూ అంగీకరించరు. సృష్టికర్త, సృష్టి అనే రెండింటి మధ్య గీత చెరిపేయడం మా పెద్దలకు దైవదూషణ. అద్వైతం వినిపించే ఇళ్ళల్లో పెరిగిన నా స్నేహితులకు వినడానికి ఇది పరిచయమైన మాటలా ఉంటుంది గాని, అది కూడా అదే కాదు. అద్వైతంలో జీవుడు ఎప్పుడూ బ్రహ్మమే, అజ్ఞానం తొలగితే చాలు. మోర్మన్ మాటలో మనిషి ఎదగాలి, కాలంలో ప్రయాణించాలి, నేర్చుకోవాలి, అతడూ అతని కుటుంబమూ వేర్వేరు వ్యక్తులుగానే మిగలాలి. గలాక్టికాలోని ప్రయాణానికి ఈ ఎదుగుదలే అసలు అర్థం. భూమి చేరడం దానికి పైకి కనిపించే రూపం.

ఈ దృష్టితో చూసినప్పుడు ఈ గాథలో అన్నిటికన్నా ఎక్కువ మోర్మన్ లక్షణం ఉన్నది కోబోల్‌లో కాదు, సైలాన్ల నోటిమాటలో అని నాకు గట్టి నమ్మకం. వెండిరంగు కవచంలో, అటూ ఇటూ కదిలే ఒక్క ఎర్రని కాంతి కన్నుగా ఉన్న ఆ యంత్ర సైనికులు ప్రతి ఆజ్ఞకూ ఒకే లోహపు గొంతుతో “మీ ఆజ్ఞ ప్రకారమే” అంటారు. వాళ్ళు కాదనలేరు. వాళ్ళను తయారుచేసిన సరీసృపజాతి అంతరించి, ఆ యంత్రాలే మిగిలాయని కథ చెబుతుంది. ‘వార్ ఆఫ్ ది గాడ్స్’లో బాల్టర్ ఇబ్లిస్ గొంతు వినగానే, అది సైలాన్ల మహానాయకుడి గొంతు అని గుర్తుపడతాడు, రెండు గొంతులూ పాట్రిక్ మాక్నీ అనే ఒకే నటుడివి. ఎప్పుడో పూర్వం ఆ జాతి ఎవరికి తనను అప్పగించుకున్నదో ఆ ఒక్క ఆనవాలుతో అర్థమైపోతుంది. ఎంపిక స్వేచ్ఛను వదులుకున్న జాతి చివరికి ఏమవుతుందో సైలాన్లు కళ్ళ ముందు చూపిస్తారు. మానవులు తప్పులు చేస్తారు, సభలో కొట్లాడుకుంటారు, జూదమాడతారు, భయపడతారు. అయినా కాదనగలరు. అందుకే వాళ్ళను కాపాడవలసి ఉంది.

ఇలా అన్నిటికీ మోర్మన్ మూలమే చూపించడం కూడా సరికాదు. పన్నెండు లోకాల పేర్లు రాశిచక్రంలోవి, పన్నెండు తెగలు, తప్పిపోయిన తెగ అన్నవి ఇశ్రాయేలు కథలోవి, పాత్రలలో కొన్ని పేర్లు గ్రీకు పురాణాలవి. ప్రాచీన నాగరికతలకు అంతరిక్షవాసులు మూలమనే ఊహాగానం 1970లలో అమెరికాలో చాలా జోరుగా ఉండేది. ప్రతి ఎపిసోడు మొదట ఈజిప్షియన్లు, టోల్టెక్‌లు, మాయన్ల పూర్వీకులు ఆకాశంలో ఎక్కడో ఉండి ఉండవచ్చునని వినిపించే వ్యాఖ్యానం ఆ గాలిలోంచి కూడా వచ్చింది. అదే సమయంలో, యెరూషలేము నుంచి క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో సముద్రం దాటి అమెరికా ఖండానికి వచ్చిన కుటుంబాల కథగా మోర్మన్ గ్రంథం మొదలవుతుందని తెలిసినవారికి, ఆ వ్యాఖ్యానం రెండు వైపుల నుంచీ వినిపిస్తుంది. లార్సన్ మతప్రచారం కోసం ఈ గాథ తీశాడని నేను అనుకోవడం లేదు. వారానికొక ఎపిసోడు తయారుచేయవలసిన ఒత్తిడిలో, మనిషి ఎక్కడినుంచి వచ్చాడు, చనిపోయిన భార్య మళ్ళీ దొరుకుతుందా, చెడు ఎందుకు అంత తియ్యగా మాట్లాడుతుంది అన్న ప్రశ్నలు ఎదురైనప్పుడు, తాను నమ్మిన జవాబులు అతని చేతికి ముందుగా అందాయి.

2003లో మొదలై 2009 వరకు రొనాల్డ్ డి. మూర్ చేతుల మీదుగా నడిచిన కొత్త గలాక్టికా కోబోల్‌నూ, పన్నెండుమంది కోరాన్నీ అలాగే ఉంచింది. మానవులు అనేక దేవతలను పూజిస్తారు, సైలాన్లు ఒకే దేవుణ్ణి నమ్ముతారు అన్న మార్పు అక్కడ వచ్చింది. రచనగా అది పాతదానికన్నా ఎంతో పదునైనది, నటన కూడా గొప్పది. అయినా కాంతి ఓడ లేదు, నిత్యత్వాలకు జరిగిన పెళ్ళి లేదు. మతం అక్కడ చర్చించవలసిన సమస్యగా ఉంటుంది; పాతదానిలో అది పాత్రలు నిలబడిన నేల. నాకు రెండూ ఇష్టమే గాని, పెద్దమ్మ పక్కన కూర్చుని చూడదగినది పాతదే.

కొత్తగా చూడదలచినవారు మొదటి మూడు గంటల భాగాన్ని కుదించిన సినిమా రూపంలో కాకుండా పూర్తిగా చూడాలి, ఎందుకంటే బిడారులోని సామాన్యుల కష్టాలు అందులోనే ఉన్నాయి. దాని తరువాత కోబోల్ కథ అయిన ‘లాస్ట్ ప్లానెట్ ఆఫ్ ది గాడ్స్’ రెండు భాగాలూ, అటుపైన ‘వార్ ఆఫ్ ది గాడ్స్’ రెండు భాగాలూ చూస్తే నేను చెప్పినదంతా సరిచూసుకోవచ్చు. కాంతి జీవులు మళ్ళీ కనిపించే ‘ఎక్స్‌పెరిమెంట్ ఇన్ టెర్రా’ కొంచెం నెమ్మదిగా నడుస్తుంది గాని వదలవద్దు. 1980లో వచ్చిన కొనసాగింపును మాత్రం చివరికి పెట్టుకోవచ్చు.